అమెరికాలో రిటైరై ఆంధ్ర, తెలంగాణల్లో స్థిరపడేవారు ఓసీఐనీ రెండు దేశాల పన్నులనూ ఎలా చక్కబెట్టుకోవాలి?

పాతిక ముప్పై ఏళ్లు అమెరికాలో పనిచేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, ఇప్పుడు హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో సొంత ఊళ్లోనో శేష జీవితం గడపాలనుకునే దంపతులు ముందుగా అడిగేది వీసా గురించి. నిజానికి వీసా వ్యవహారం ఈ మొత్తంలో తేలికైన భాగం. మీరు పుట్టిన ఊరికే వస్తున్నా చట్టం దృష్టిలో విదేశీ పౌరులుగా వస్తున్నారు; అమెరికా పౌరులు కావడం వల్ల, ప్రపంచంలో ఎక్కడ నివసించినా ఏటా అక్కడ రిటర్న్ దాఖలు చేయవలసిన బాధ్యత మీ వెంటే వస్తుంది; భారతదేశంలో కాలుపెట్టిన తేదీని బట్టి ఇక్కడి పన్ను బాధ్యత ఎప్పుడు మొదలవుతుందో నిర్ణయమవుతుంది. ఈ మూడింటినీ విమానం టికెట్ కొనకముందే ఆలోచించినవారు స్థిమితంగా ఉన్నారు. వచ్చి సర్దుకున్నాక చూద్దామనుకున్నవారిలో చాలామందికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లయింది. అందుకే కనీసం ఏడాదిన్నర ముందు నుంచి ఏ పని ఎప్పుడు చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదటి పని: ఓసీఐ కార్డు

భారతదేశంలో రిటైరైన విదేశీయుల కోసం ప్రత్యేకమైన వీసా ఏదీ లేదు. భారత సంతతివారికి ఆ లోటును తీర్చేది ఓసీఐ, అంటే విదేశీ భారత పౌరుల నమోదు. పౌరసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో రూపుదిద్దుకున్న ఈ పథకాన్ని 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. పేరులో పౌరులన్న మాట ఉన్నా ఇది పౌరసత్వం కాదు, జీవితకాలం చెల్లే వీసా మాత్రమే. ఈ కార్డు ఉన్నవారు ఎన్నిసార్లయినా రావచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు, విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు రాయించుకోవలసిన అవసరం లేదు. ఓటు హక్కు ఉండదు, రాజ్యాంగ పదవులు చేపట్టే అర్హత ఉండదు, వ్యవసాయ భూమిగానీ తోటగానీ ఫామ్‌హౌస్‌గానీ కొనే హక్కు ఉండదు.

కార్డు ఇంకా తీసుకోనివారు అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేసుకోవడం మేలు. అక్కడ భారత కాన్సులేట్ల తరఫున పనిచేసే ప్రైవేటు సంస్థ వీఎఫ్‌ఎస్ కేంద్రాల ద్వారా దరఖాస్తులు తీసుకుంటారు. ప్రభుత్వ రుసుము 275 డాలర్లు, దీనికి కేంద్రం సేవా రుసుము అదనం. భారతదేశంలో ఉండి దరఖాస్తు చేస్తే రుసుము 15,000 రూపాయలు. అమెరికా పాస్‌పోర్టు, పౌరసత్వం పొందిన ధ్రువపత్రం, పాత భారత పాస్‌పోర్టు, దాన్ని అప్పగించినట్లు రుజువు చేసే సరెండర్ సర్టిఫికేట్, చిరునామా రుజువు సిద్ధంగా ఉంచుకోండి. సాధారణంగా పని ఆగేది సరెండర్ సర్టిఫికేట్ దగ్గరే. విదేశీ పౌరసత్వం తీసుకున్న క్షణం నుంచే భారత పౌరసత్వం పోతుంది కాబట్టి, పాత పాస్‌పోర్టును బీరువాలో దాచుకుని ఊరుకున్నవారు ముందుగా ఆ లాంఛనం పూర్తిచేయాలి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన మహిళలు పాత పాస్‌పోర్టులోని పేరుకూ కొత్త పాస్‌పోర్టులోని పేరుకూ పొంతన చూపే పత్రాలు జతచేయకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది. జీవిత భాగస్వామి భారత సంతతి కాకపోతే, వివాహం నమోదై, దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్లు ఆ బంధం కొనసాగి ఉండాలి.

ఎప్పుడో కార్డు తీసుకున్నవారు ఒక విషయం సరిచూసుకోవాలి. 20 ఏళ్లలోపు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ, 50 ఏళ్లు నిండాక ఒకసారి కార్డును మార్చుకోవాలన్న పాత నిబంధనను 2021లో సడలించారు. ఇప్పుడు 50 ఏళ్లు నిండినవారు ఆ తర్వాత వచ్చిన కొత్త పాస్‌పోర్టు ప్రతినీ తాజా ఫోటోనూ ఓసీఐ వెబ్‌సైటులో ఒకసారి, పాస్‌పోర్టు అందిన మూడు నెలల్లోపు, అప్‌లోడ్ చేస్తే చాలు. దీనికి రుసుము లేదు. రిటైరయ్యేవారంతా ఈ వయసువారే కాబట్టి ప్రయాణానికి ముందే ఈ పని ముగించండి.

గ్రీన్‌కార్డుతో ఉండి భారత పౌరసత్వం వదులుకోనివారికి ఇక్కడికి రావడానికి వీసా అక్కర్లేదు. వారి చిక్కు మరోలా ఉంటుంది. ఏడాదికి మించి అమెరికా బయట ఉంటే గ్రీన్‌కార్డు నిలవడం కష్టం. అలాగని దాన్ని చట్టప్రకారం ఐ-407 ఫారం ఇచ్చి వదులుకోకుండా ఊరుకుంటే అమెరికా పన్ను బాధ్యత కొనసాగుతుంది. గత 15 ఏళ్లలో ఎనిమిదేళ్లు ఆ కార్డు ఉన్నవారికి, దాన్ని వదులుకునేటప్పుడు దేశం విడిచి వెళ్లేవారి పన్ను నిబంధనలు వర్తించవచ్చు. కాబట్టి వారు వదులుకునే ముందే ఒక సీపీఏను, అంటే అమెరికా పన్ను లెక్కలు చూసే అకౌంటెంటును, సంప్రదించాలి. ఇక్కడి నుంచి నేను రాసేది ప్రధానంగా అమెరికా పౌరులైన వారిని ఉద్దేశించినది.

రెండో పని: వచ్చే తేదీని లెక్కగట్టి నిర్ణయించుకోవడం

మొత్తంలో ఎక్కువ డబ్బు మిగిల్చేదీ పోగొట్టేదీ ఈ నిర్ణయమే కనుక దీన్ని నిదానంగా చదవండి.

భారత ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావడంతో దీన్ని ఇప్పుడు పన్ను సంవత్సరం అంటున్నారు. ఒక సంవత్సరంలో 182 రోజులు లేదా అంతకు మించి ఇక్కడ ఉన్నవారు ఆ ఏడాదికి నివాసి అవుతారు. ఆ ఏడాది 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉన్నవారు కూడా నివాసే. ఇక్కడికి చూడడానికి మాత్రమే వచ్చే భారత సంతతివారికి ఈ 60 రోజుల గడువు 182 అవుతుంది. భారత ఆదాయం 15 లక్షలు దాటితే 120 అవుతుంది. అయితే మీరు స్థిరపడడానికి వస్తున్నారు గనుక ఆ సడలింపు మీకు వర్తిస్తుందని ధీమాగా ఉండవద్దు. ముసలి తల్లిదండ్రులను చూసుకోవడానికి ఏటా మూడు నాలుగు నెలలు వచ్చి ఉన్నవారికి నాలుగేళ్లలో 365 రోజులు తెలియకుండానే నిండిపోతాయి. అందువల్ల పాత పాస్‌పోర్టుల ముద్రలన్నీ ముందేసుకుని, వచ్చిన రోజునూ వెళ్లిన రోజునూ కలిపి, గత పదేళ్ల లెక్క ఒక కాగితం మీద రాసుకోండి.

నివాసులలోనూ రెండు రకాలున్నాయి. గత పది సంవత్సరాల్లో తొమ్మిదింటిలో ప్రవాసిగా, అంటే ఇక్కడ నివాసి కాకుండా, ఉన్నవారు, లేదా గత ఏడు సంవత్సరాల్లో కలిపి 729 రోజులకు మించి ఇక్కడ ఉండనివారు, నివాసి అయినా సాధారణ నివాసి కారు. మన అకౌంటెంట్లు దీన్ని ఆర్‌ఎన్‌ఓఆర్ అంటారు. ఈ దశలో ఉన్నవారికి విదేశాల్లో పుట్టి విదేశాల్లోనే చేతికందిన ఆదాయం మీద భారతదేశంలో పన్ను లేదు. ఇక్కడి నుంచి నడిపే వ్యాపారం ద్వారా వచ్చినది మాత్రం మినహాయింపు కాదు. మీ అమెరికా వడ్డీ, డివిడెండ్లు, షేర్ల లాభం, ఉద్యోగం ద్వారా దాచుకున్న విశ్రాంత నిధి 401(కె) సొమ్ము ముందు అమెరికా ఖాతాలో జమయ్యి, తర్వాత ఇక్కడికి పంపితే ఇక్కడ పన్ను ఉండదు. నేరుగా భారత ఖాతాలోనే తొలిసారి జమయ్యేలా పెట్టుకుంటే ఈ రక్షణ పోతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. పాతికేళ్లు డాలస్‌లో ఉండి, ఏటా ముప్పై రోజులు మాత్రం ఇండియాకు వచ్చి వెళ్లిన దంపతులు 2026 జూన్ 20న శాశ్వతంగా వచ్చేశారనుకోండి. మార్చి 31 నాటికి వారికి 285 రోజులు అవుతాయి కనుక 2026-27లో నివాసులే, కానీ సాధారణ నివాసులు కారు. 2027-28లోనూ అదే స్థితి. 2028-29కి వచ్చేసరికి గత పదేళ్లలో ప్రవాస సంవత్సరాలు ఎనిమిదే మిగులుతాయి. గత ఏడేళ్ల రోజులు చూస్తే 285, 366, అంతకు ముందు ఐదేళ్ల 150 కలిపి 801 అవుతాయి, అంటే 729 దాటిపోయాయి. కాబట్టి వారి వెసులుబాటు 2028 మార్చి 31తో ముగుస్తుంది. అదే దంపతులు దసరా సమయానికి, అంటే 2026 అక్టోబర్ 15న, వచ్చి, ఏప్రిల్ సెప్టెంబర్ మధ్య మళ్లీ రాకుండా ఉన్నారనుకోండి. మార్చి 31కి 168 రోజులే. నాలుగేళ్ల మొత్తం 120 రోజులే. కాబట్టి 2026-27లో వారు పూర్తి ప్రవాసులు. ఆ తర్వాతి రెండేళ్లు సాధారణ నివాసులు కారు. వెసులుబాటు 2029 మార్చి 31 దాకా సాగుతుంది. నాలుగు నెలలు ఆగినందుకు ఒక పూర్తి సంవత్సరం కలిసొచ్చింది. పెద్ద మొత్తంలో షేర్లో ఇల్లో అమ్మవలసి ఉన్నవారికి ఆ ఒక్క ఏడాది విలువ చాలా ఎక్కువ.

మనవడి అన్నప్రాశన, చెల్లెలి కూతురి పెళ్లి, గృహప్రవేశ ముహూర్తం లాంటివి తేదీని నిర్ణయించడం సహజమే. వాటికి చూడడానికి వచ్చి వెళ్లండి, కానీ ఆ రోజులను కూడా లెక్కలో కలుపుకోండి.

మూడో పని: అమెరికా వదిలే ముందు అక్కడ ముగించవలసినవి

కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలకు వాటి సొంత ఆదాయపు పన్ను ఉంది. విమానం ఎక్కినంత మాత్రాన మీరు ఆ రాష్ట్ర నివాసి కాకుండా పోరు. డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు నమోదు, కారు రిజిస్ట్రేషన్, అక్కడ ఖాళీగా అట్టిపెట్టుకున్న ఇల్లు మీరు ఇంకా అక్కడివారేనని చెప్పడానికి రాష్ట్రానికి ఆధారాలవుతాయి. వాటిని పద్ధతిగా మూసి, వెళ్లిన ఏడాదికి పాక్షిక నివాసి రిటర్న్ వేయండి. రాష్ట్ర నివాసం నిజంగా ముగిసినవారి 401(కె), సొంతంగా తెరుచుకునే విశ్రాంత నిధి ఖాతా ఐఆర్‌ఏ, పెన్షన్ సొమ్ము మీద ఆ పాత రాష్ట్రం పన్ను వేయకూడదని 1996 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది. టెక్సస్, ఫ్లోరిడా నుంచి వచ్చేవారికి ఈ బాధ లేదు.

ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే ఇంకొక గడువు గమనించాలి. అమ్మకానికి ముందు ఐదేళ్లలో రెండేళ్లు సొంతదారుగా ఆ ఇంట్లో నివసించి ఉంటే అమెరికాలో ఒక్కరికి 2,50,000 డాలర్ల వరకు, దంపతులకు 5,00,000 డాలర్ల వరకు లాభానికి పన్ను మినహాయింపు ఉంది. అంటే ఖాళీచేసిన మూడేళ్లలోపు అమ్మాలి. భారత చట్టంలో ఇలాంటి మినహాయింపు లేదు. మీరు ఇక్కడ సాధారణ నివాసి అయ్యాక అమ్మితే అమెరికాలో పన్ను లేని లాభానికి ఇక్కడ కట్టవలసి వస్తుంది. ఆర్‌ఎన్‌ఓఆర్ దశ ముగియకముందే అమ్మినవారికి రెండు చోట్లా ఊరట దొరుకుతుంది.

బాగా పెరిగిన షేర్ల విషయంలోనూ ఇదే వరస. సాధారణ నివాసి అయ్యాక అమ్మితే, మీరు ఇరవై ఏళ్ల క్రితం కొన్న ధర నుంచే భారతదేశం లాభం లెక్కగడుతుంది. అందుకే ఆ రెండు మూడేళ్లలో అమ్మి, అమెరికా పన్ను మాత్రం కట్టి, కావాలంటే అవే షేర్లు తిరిగి కొనుక్కునేవారు ఉన్నారు. పన్ను ముందే కట్టి దాచుకునే రాత్ ఐఆర్‌ఏకు కూడా ఇక్కడి చట్టంలో ప్రత్యేక మినహాయింపు అంటూ లేదు. కాబట్టి సంప్రదాయ ఐఆర్‌ఏ నుంచి రాత్‌కు మార్చుకునే ఉద్దేశం ఉంటే ఆ దశలోనే చేసుకోవడం, రాత్ సొమ్ములో కొంత ముందే తీసుకోవడం గురించి మీ సీపీఏతో మాట్లాడండి.

అమెరికాలో ఒక బ్యాంకు ఖాతా, ఒక బ్రోకరేజీ ఖాతా తప్పకుండా నిలుపుకోండి. విదేశీ చిరునామా ఇచ్చిన వెంటనే కొన్ని బ్రోకరేజీలు ఖాతా మూసేయమంటాయి, కొన్ని కొనుగోళ్లు ఆపేస్తాయి. అందువల్ల భారత చిరునామాను అంగీకరించే సంస్థకు ముందే ఖాతా మార్చుకోవాలి తప్ప, కొడుకు చిరునామా పెట్టి నెట్టుకురావడం మంచి పద్ధతి కాదు. ధ్రువీకరణ సంకేతాలు అమెరికా ఫోన్ నంబరుకే వస్తాయి కనుక ఆ నంబరును తక్కువ ఖర్చు పథకంలోకి మార్చి బతికించుకోండి. చిన్న విషయంలా కనిపించినా, ఇక్కడికి వచ్చాక ఎక్కువమంది ఇబ్బంది పడేది దీనివల్లే.

నాలుగో పని: ఇక్కడి బ్యాంకు ఖాతాలు సరిచేయడం

విదేశీ మారక ద్రవ్య చట్టమైన ఫెమా రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోదు. మీరు నిరవధికంగా ఉండే ఉద్దేశంతో వచ్చారా అన్నదే దానికి ముఖ్యం. అంటే ఆదాయపు పన్ను లెక్కలో ప్రవాసిగా ఉన్న ఏడాదిలోనే ఫెమా ప్రకారం మీరు నివాసి అయిపోవచ్చు. వచ్చిన వెంటనే బ్యాంకుకు తెలియజేసి ప్రవాసుల ఖాతాలైన ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదనకు), ఎన్‌ఆర్‌ఓ (ఇక్కడి ఆదాయానికి) రెండింటినీ నివాసి ఖాతాలుగా మార్పించండి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఉన్న పన్ను మినహాయింపు ఫెమా ప్రకారం ప్రవాసులుగా ఉన్నంత వరకే. పేరు మార్చకుండా అలాగే ఉంచి మినహాయింపు వాడుకుంటే అది తప్పుడు లెక్క అవుతుంది. మేము తిరిగి వచ్చినప్పుడు మా బ్యాంకు శాఖలో దరఖాస్తు ఇచ్చి కూడా ఖాతా మారడానికి ఏడు నెలలు పట్టింది. చివరకు ముద్ర వేయించుకున్న దరఖాస్తు ప్రతి ఒక్కటే మా వైపు సాక్ష్యంగా నిలిచింది. మీరూ అలాంటి ప్రతిని తప్పక దగ్గర పెట్టుకోండి.

డాలర్లలోనే ఉంచుకోవాలనుకునే సొమ్ముకు ఆర్‌ఎఫ్‌సీ, అంటే నివాసుల విదేశీ కరెన్సీ ఖాతా ఉంది. ప్రవాసిగా ఉండగా విదేశీ కరెన్సీలో వేసుకున్న ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లను గడువు తీరేదాకా కొనసాగించి, తర్వాత ఆర్‌ఎఫ్‌సీలోకి మార్చుకోవచ్చు. ఈ రెండింటి వడ్డీకి ఆర్‌ఎన్‌ఓఆర్ దశ ఉన్నంత వరకు భారత పన్ను లేదు. ప్రవాసిగా ఉన్నప్పుడు సంపాదించిన అమెరికా ఆస్తులను అక్కడే ఉంచుకోవడానికి ఫెమా అనుమతిస్తుంది. అన్నీ అమ్మి ఇక్కడికి తెచ్చుకోవాలన్న నిబంధన లేదు.

పాన్ కార్డు తప్పనిసరి. విదేశీ పౌరులు దాన్ని ఆధార్‌తో అనుసంధానించవలసిన అవసరం లేదు. గత పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉన్న ఓసీఐ కార్డుదారులు ఆధార్ తీసుకోవచ్చు. గ్యాస్ కనెక్షన్, ఫోన్ సిమ్ లాంటి పనుల్లో అది చాలా తిప్పట తగ్గిస్తుంది.

ఐదో పని: ఏటా అమెరికాకు పంపవలసిన లెక్కలు

ఇక్కడ ఉండే అమెరికా పౌరులకు ఏటా వేసే ఆదాయపు పన్ను రిటర్న్ అయిన 1040 ఫారం గడువు ఏప్రిల్ 15 బదులు జూన్ 15. కానీ పన్ను బాకీ ఉంటే వడ్డీ ఏప్రిల్ 15 నుంచే పడుతుంది. 4868 ఫారం వేస్తే అక్టోబర్ 15 దాకా గడువు దొరుకుతుంది. విదేశాల్లో సంపాదించిన జీతానికి అమెరికాలో ఉన్న మినహాయింపు పెన్షన్‌కూ వడ్డీకీ వర్తించదు కనుక, రిటైరైనవారికి అక్కరకొచ్చేది విదేశీ పన్ను క్రెడిట్, అంటే ఇక్కడ కట్టిన పన్నును అక్కడి పన్నులోంచి తగ్గించే వెసులుబాటు, ఇచ్చే 1116 ఫారం మాత్రమే.

రిటర్న్‌తో సంబంధం లేకుండా విడిగా పంపవలసినది ఎఫ్‌బార్, అంటే విదేశీ బ్యాంకు ఖాతాల నివేదిక. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా భారతదేశంలోని మీ ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే దీన్ని వేయాలి. ఒక పాత ఫిక్స్‌డ్ డిపాజిట్ చాలు ఆ హద్దు దాటడానికి. అమ్మతో కలిపి ఉన్న జాయింట్ ఖాతా, సంతకం హక్కు మాత్రమే ఉన్న ఆలయ కమిటీ ఖాతా లేదా అపార్ట్‌మెంట్ సంఘం ఖాతా కూడా ఇందులో చూపాలి. మన పెద్దలు సాధారణంగా మరిచేది వీటినే. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది. ఉద్దేశపూర్వకం కాని పొరపాటుకు జరిమానా ఖాతాకొకటి చొప్పున కాక ఏడాదికి ఒక నివేదిక చొప్పున లెక్కించాలని 2023లో బిట్నర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా ఆ జరిమానా గరిష్ఠంగా 10,000 డాలర్లు దాటవచ్చు.

ఆస్తులు ఎక్కువగా ఉన్నవారు రిటర్న్‌తో పాటు విదేశీ ఆర్థిక ఆస్తులు చూపే 8938 ఫారం కూడా జతచేయాలి. విదేశంలో నివసించే ఒంటరివారికి ఏడాది చివర 2,00,000 డాలర్లు లేదా మధ్యలో ఎప్పుడైనా 3,00,000 డాలర్లు, ఉమ్మడి రిటర్న్ వేసే దంపతులకు 4,00,000 లేదా 6,00,000 డాలర్లు దీని హద్దులు.

భారత మ్యూచువల్ ఫండ్లు కొనవద్దు. బ్యాంకు మేనేజర్ ఎంత ఆప్యాయంగా కాఫీ ఇచ్చి చెప్పినా కొనవద్దు. అమెరికా చట్టం వాటిని ప్యాసివ్ విదేశీ కంపెనీలుగా లెక్కించి, ఒక్కో ఫండ్‌కు ఒక్కో 8621 ఫారం అడిగి, లాభం మీద శిక్ష లాంటి పన్ను వేస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ప్రభుత్వ బాండ్లు, నేరుగా కొన్న కంపెనీ షేర్లు ఈ చిక్కులో పడవు.

ఇక్కడ పన్ను లేని ఆదాయం అక్కడ కూడా లేదనుకోవడం మనవాళ్లలో తరచుగా చూసే పొరపాటు. ఊళ్లో రెండెకరాల మాగాణి మీద వచ్చే కౌలుకు భారతదేశంలో ఆదాయపు పన్ను లేదు. అమెరికా రిటర్న్‌లో మాత్రం అది ఆదాయమే, ఇక్కడ పన్ను కట్టలేదు కనుక క్రెడిట్ కూడా రాదు. ఎన్‌ఆర్‌ఈ వడ్డీ, పీపీఎఫ్ వడ్డీ, గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మకపు లాభం కూడా ఈ కోవలోవే.

తండ్రి పోయాక సంక్రమించిన స్థలమో డబ్బో లక్ష డాలర్లు మించితే దానికి పన్ను లేకపోయినా 3520 ఫారంలో తెలియజేయాలి. లేకపోతే జరిమానా ఆ మొత్తంలో నాలుగో వంతు దాకా పోవచ్చు. ఆ సందర్భంలోనే ఒక వాల్యూయర్ చేత ఆ రోజుటి విలువ రాయించి పెట్టుకోండి. రేపు ఆ స్థలం అమ్మినప్పుడు అమెరికా లాభాన్ని ఆయన మరణించిన నాటి విలువ నుంచి లెక్కిస్తుంది, భారతదేశం ఆయన కొన్న ధర నుంచి లెక్కిస్తుంది. రెంటికీ కాగితం మీ దగ్గర ఉండాలి.

కొన్నేళ్లుగా ఇవేవీ వేయనివారు భయపడి మౌనంగా ఉండిపోవద్దు. తెలియక జరిగిన పొరపాటైతే, గత మూడేళ్లలో ఏదో ఒక ఏడాది కనీసం 330 రోజులు అమెరికా బయట ఉండి, ఆ ఏడాది అక్కడ ఇల్లు లేనివారికి, మూడేళ్ల రిటర్న్‌లూ ఆరేళ్ల ఎఫ్‌బార్‌లూ ఒకేసారి వేసి జరిమానా లేకుండా సర్దుకునే విధానం ఉంది. అధికారులే ముందుగా ఉత్తరం రాస్తే ఆ తలుపు మూసుకుపోతుంది.

ఆరో పని: సాధారణ నివాసి అయిన ఏడాది నుంచి

ఆర్‌ఎన్‌ఓఆర్ దశ ముగిసిన మొదటి ఏప్రిల్ 1 నుంచి మీ ప్రపంచ ఆదాయం అంతా భారత రిటర్న్‌లో చేరుతుంది. అంతకంటే ముఖ్యమైనది విదేశీ ఆస్తుల షెడ్యూలు. అమెరికా బ్యాంకు ఖాతా, బ్రోకరేజీ, 401(కె), ఇల్లు అన్నీ అందులో క్యాలెండర్ సంవత్సరం లెక్కన చూపాలి. ఆదాయం లేని ఖాతా అయినా చూపాలి. చూపకపోతే 2015 నాటి నల్లధన చట్టం కింద ఏడాదికి 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తుల మొత్తం 20 లక్షల లోపు ఉన్నవారికి 2024 అక్టోబర్ నుంచి ఈ జరిమానా విషయంలో సడలింపు ఇచ్చారు. అమెరికాలో రిటైరైనవారిలో ఆ హద్దులోపు ఉండేవారు అరుదు.

పెన్షన్‌కూ, అమెరికా ప్రభుత్వం ఇచ్చే విశ్రాంత భృతి సోషల్ సెక్యూరిటీకీ తేడా తెలుసుకోండి. 1989లో కుదిరిన భారత, అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం సోషల్ సెక్యూరిటీ సొమ్ముపై పన్ను వేసే హక్కు అమెరికాకు మాత్రమే ఉంది. ఆదాయాన్ని బట్టి అందులో 85 శాతం దాకా అక్కడ పన్ను లెక్కలోకి వస్తుంది. ఇక్కడి రిటర్న్‌లో దాన్ని ఒప్పందం కింద మినహాయింపుగా చూపించాలి. ప్రైవేటు పెన్షన్ విషయంలో ఒప్పందం పన్ను హక్కును నివాస దేశానికి, అంటే భారతదేశానికి, ఇస్తుంది. కానీ తన పౌరులపై పన్ను వేసుకునే హక్కును అమెరికా అదే ఒప్పందంలో అట్టిపెట్టుకుంది. అందువల్ల 401(కె), ఐఆర్‌ఏ సొమ్ముకు రెండు దేశాలూ చేయి చాస్తాయి. ఎవరి పన్నుకు ఎవరు క్రెడిట్ ఇస్తారో సొమ్ము తీయకముందే మీ సీపీఏనూ ఇక్కడి చార్టర్డ్ అకౌంటెంటునూ ఒకే మాట మీదకు తెచ్చుకోండి. ఇద్దరూ విడివిడిగా పనిచేస్తే తేడా మీ జేబులోంచి పోతుంది.

ఖాతాలో పెరిగే సొమ్ము మీద ఏటా కాకుండా తీసుకున్నప్పుడే పన్ను పడేలా ఎంచుకునే వీలు 2021 నుంచి ఉంది. అమెరికా, బ్రిటన్, కెనడా విశ్రాంత నిధి ఖాతాలకు ఇది వర్తిస్తుంది. పాత చట్టం కింద దీన్ని 10-ఈఈ ఫారంతో, రిటర్న్ గడువులోపు, ఎంచుకోవాలి. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోలేరు. అమెరికాలో కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ కావాలంటే పాత చట్టంలో ఫారం 67 అని పిలిచిన వివరణ పత్రం వేయాలి. కొత్త చట్టంలో ఫారాల నంబర్లు మారుతున్నాయి గనుక ఏ ఏడాదికి ఏది వేయాలో మీ అకౌంటెంటును అడిగి వేయండి. రెండు దేశాల సంవత్సరాలు వేర్వేరు కావడం వల్ల, వడ్డీ, డివిడెండ్, పన్ను కోత వివరాలను నెలవారీగా ఒక పుస్తకంలో రాసుకుంటే రెండు లెక్కలూ దాని నుంచే తీయవచ్చు.

సంప్రదాయ 401(కె), ఐఆర్‌ఏల నుంచి 1951 నుంచి 1959 మధ్య పుట్టినవారు 73వ ఏట, 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవారు 75వ ఏట కనీస మొత్తం తీయడం మొదలుపెట్టాలి. ఇండియాలో ఉన్నామన్న కారణంగా ఇది ఆగదు. తీయకపోతే తీయవలసిన మొత్తంలో 25 శాతం జరిమానా.

ఉత్తరాలు, వైద్యం, పొలం

విదేశాల్లో ఉండే లబ్ధిదారులు బతికే ఉన్నారా, వివరాలు మారాయా అని సోషల్ సెక్యూరిటీ శాఖ ఏటా లేదా రెండేళ్లకోసారి ఒక ప్రశ్నపత్రం పంపుతుంది. దాన్ని నింపి తిరిగి పంపకపోతే చెల్లింపులు ఆగిపోతాయి. మన వీధుల్లో ఉత్తరం చేరుతుందన్న నమ్మకం తక్కువైతే, రాకపోయినా మీరే అడిగి తెప్పించుకోండి. పాస్‌పోర్టు పునరుద్ధరణ లాంటి పనులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలో ఉండేవారికి హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటే కేంద్రం.

పెద్దవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ సాధారణంగా అమెరికా వెలుపల చికిత్సకు చెల్లించదు. ఆసుపత్రి ఖర్చులు చూసే, ప్రీమియం లేని పార్ట్ ఏ ఉంచుకోవడంలో నష్టం లేదు. డాక్టరు ఖర్చులు చూసే పార్ట్ బీ మానేస్తే నెలనెలా డబ్బు మిగులుతుంది గానీ, తర్వాత తిరిగి వెళ్లి చేరాలంటే ఆలస్యమైన ప్రతి పూర్తి పన్నెండు నెలలకు పది శాతం చొప్పున ప్రీమియం జీవితాంతం పెరుగుతుంది. పిల్లలు అక్కడే ఉన్న వాళ్లు, పెద్ద జబ్బు వస్తే తిరిగి వెళ్లే ఉద్దేశం ఉన్నవాళ్లు దాన్ని వదలకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇక్కడ ఆరోగ్య బీమా కొనడానికి 65 ఏళ్ల హద్దును 2024లో తొలగించారు. అయితే ముందు నుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం పెట్టవచ్చు కనుక, వచ్చిన మొదటి నెలలోనే పాలసీ తీసుకోవాలి.

ఇక పొలం సంగతి. ఓసీఐ కార్డుదారులు ఇల్లు, ఫ్లాటు, వాణిజ్య స్థలం కొనవచ్చు. వ్యవసాయ భూమి వారసత్వంగా రావచ్చు గానీ కొనకూడదు. ఊళ్లో పక్క చేను అమ్మకానికి వచ్చిందని తమ్ముడి పేరు మీద మీ డబ్బుతో కొంటే అది బినామీ వ్యవహారం అవుతుంది, తమ్ముడికీ మీకూ రేపు తగాదా అవుతుంది. వారసత్వపు భూమిని అమ్మదలిస్తే భారతదేశంలో నివసించే భారత పౌరుడికే అమ్మాలి. పట్టాదారు పాసు పుస్తకంలో ఇంకా తాతగారి పేరే ఉన్నవారు, మీరు ఇక్కడికి వచ్చిన మొదటి ఆరు నెలల్లోనే వారసత్వ ధ్రువపత్రం తెప్పించుకుని పేరు మార్పించుకోండి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అందరూ సంతకం పెట్టగలిగిన స్థితిలో ఉండగానే ఈ పని పూర్తిచేయాలి.